లక్షలో ఒక అల

1. విభూది బుధవారం తర్వాతి శుక్రవారం

పొద్దున సోలార్ పలకల మీది ఉప్పు తుడిచాను. బ్యాటరీల్లో నీళ్ళు పోశాను. తేమ పీల్చే గింజలు గులాబీ రంగుకు తిరిగితే మేడ మీద ఎండబెట్టాను. అవి నీలంగా మారాక మళ్ళీ అలపెట్టెలో పెట్టాలి. అల మామూలు. టిక్కు మామూలు.

ఈరోజు కాలం పడవ బయల్దేరింది. ప్రభువు తిరిగి లేచిన పాస్కా పండగకు ముందు అది ఎన్నడూ బయల్దేరలేదని సిస్టర్ అగాత నిన్నటి నుంచి అంటూనే ఉన్నారు. మఠంలో టిక్కు చూసుకునే ఈ గదికి పెద్ద ఆమే. పండగ ముందటి నలభై రోజుల తపస్సుకాలంలో మఠం కొత్త పని ఏదీ మొదలుపెట్టదు. కానీ మాలాగే టిక్కు పంపే దక్షిణపు కొండ మీద పిడుగు పడి అక్కడి టిక్కు ఆగిపోయింది. దూరం తెలిపే టిక్కు లేకుండా నడిసముద్రంలోకి వెళ్ళలేక వాళ్ళ పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. పిల్లలకు పోసే గంజి పలచనయిందని కబురు వచ్చింది. పండగ దాకా ఓర్చుకోండని చెప్పడానికి మదర్‌కు నోరు రాలేదు.

వాళ్ళకూ అలపెట్టె ఉంది, అది పాడవలేదు. కాని అల సెకను ఎంత పొడవో చెబుతుంది, సెకను ఎక్కడ మొదలయిందో చెప్పదు. మొదలు ఒకసారి పోతే, అది ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి తెచ్చుకోవాల్సిందే. ఆకాశంలో గడియారాలు ఉన్న రోజుల్లో అది పై నుంచే దిగి వచ్చేదట. ఇప్పుడు పడవలో మోసుకెళ్తాం. మోసేవాడి పేరు ఎల్లాజీ. అతని మేనమామ పోలయ్య చుక్కాని పడతాడు.

ఎల్లాజీ తన పెట్టెను భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు. నేను దాన్ని మా జపమాలకు తగిలించాను.

జపమాల అంటే మేం ప్రార్థనలో తిప్పేది కాదు. మా అలపెట్టె సెకనుకు లక్ష అలలు పోస్తుంది. అన్నీ నున్నటి అలలు, ఎక్కడా మూల ఉండదు. ముందు వాటిని మెట్లుగా కొయ్యాలి. ఒక గడప పెట్టి, అల దాన్ని దాటి పైకి వెళ్ళినప్పుడల్లా ఒకటి అని లెక్క. ఆ తర్వాత అయిదు చిప్పులు వరసగా ఉంటాయి. మొదటిది పది అలలకు ఒకసారి రెండోదాన్ని తడుతుంది. రెండోది పది తట్లకు ఒకసారి మూడోదాన్ని. అయిదోది తట్టినప్పుడు సెకను. అదే టిక్కు. పదేసి పూసలు, అయిదు వరసలు. ఎప్పటివాళ్ళో పెట్టిన పేరు, అలాగే నిలిచిపోయింది.

తెర మీద రెండు పచ్చ గీతలు, మాది ఒకటి, అతని పెట్టెది ఒకటి. కొంచెం కొంచెంగా జరిపి ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టాను. సిస్టర్ పరలోక జపం మొదలుపెట్టారు. ఎల్లాజీ వాళ్ళు గంగమ్మకు మొక్కేవాళ్ళు. అయినా చేతులు కట్టుకుని చివరిదాకా నిలబడ్డాడు. ఆమెన్ తర్వాత తెర వైపు చూసి, "మీ గీతా నా గీతా ఒకటైపోనాయి, సూసినారా?" అన్నాడు.

పెట్టెను ఎండలో పెట్టవద్దని చెప్పాను.

2. తపస్సుకాలం మూడో ఆదివారం

గాలిలో ఉప్పు ఎక్కువగా ఉంది. పలకలు రెండుసార్లు తుడిచాను. అల మామూలు. టిక్కు మామూలు.

మధ్యాహ్నపు త్రికాల ప్రార్థన గంట కొట్టిన తర్వాత రేడియోలో ఎల్లాజీ కబురు వస్తుంది. మాట రాదు, చుక్కలూ గీతలే వస్తాయి. నేను రాసుకుని చదువుతాను. ఈరోజు దక్షిణపు కొండ చేరారట. వాళ్ళ జపమాల మళ్ళీ మొదలయింది. పడవలు వేటకు దిగాయి. వాళ్ళిచ్చిన బెల్లం దిమ్మ ఒకటి తెస్తున్నాడట, అందులో సగం చీమలదేనట. చివర ఇలా ఉంది: "పిలోమిన గారు అంటే సుక్కలు ఎక్కువ పడతన్నాయి. గారు తీసేస్తన్నాను. కోపం వస్తే సెప్పండి."

కోపం రాలేదని పంపడానికీ చుక్కలు ఎక్కువే పడతాయి. ఏమీ పంపలేదు.

సాయంత్రం అతని తల్లి కొర్లమ్మ ఎండుచేపల తట్టతో కొండెక్కి వచ్చింది. కొడుకు తిన్నాడో లేదో కబురులో ఉందా అని అడిగింది. లేదన్నాను. మరి అంత తీగ, అంత డబ్బా పెట్టి ఏం కబురు తెప్పిస్తున్నావని దెప్పింది. వంటింటి సిస్టర్ నవ్వింది. చేపలు తూచాక కొర్లమ్మ నా వైపు కాసేపు చూసి, పుస్తకాలు చదివి చదివి పుల్లలా అయిపోతున్నావని, రెండు సావడ చేపలు ఊరికే ఇచ్చి వెళ్ళింది. నన్ను మఠం బడి పెంచింది. నాకు ఎవరైనా అలా ఊరికే ఏదైనా ఇస్తే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

3. పవిత్ర శుక్రవారం

నిన్న సాయంత్రం పూజ తర్వాత సిస్టర్ అగాత గంట తీగ ఊడదీశారు. మా గంటను టిక్కే కొడుతుంది. తీగ ఈ గదిలోంచి గోపురం మీదికి వెళ్తుంది. ప్రభువు సమాధిలో ఉన్నన్నాళ్ళూ గంట మోగకూడదు కాబట్టి ఏటా ఈ రోజుల్లో తీగ తీసేస్తాం. ప్రార్థన వేళలకు కటకటలాడే కొయ్య గిలక తిప్పుతాం. రేపటి జాగరణ పూజలో మహిమ గీతం ఎత్తుకోగానే మళ్ళీ తగిలిస్తారు. ఆ పని ఎప్పుడూ సిస్టర్ అగాతదే. వేరేవాళ్ళను ముట్టనివ్వరు.

గిలక చప్పుడు తర్వాత కబురు: "ఇసకలంక కాడ లంగరు. గాలి లేదు. కొండకి రెండొందల పద్నాలుగు."

అతని దూరాన్ని అతను ఇలా చూస్తాడు. అతని పెట్టెలో టిక్కు పడుతుంది. మేం అదే క్షణంలో పంపిన టిక్కు రేడియోలో కాస్త ఆలస్యంగా అతనికి అందుతుంది. ఎంత ఆలస్యమో అంత దూరం. ఒక్క అలంత ఆలస్యానికి మూడు కిలోమీటర్లు. కొండ ఏ దిక్కున ఉందో యాంటెన్నా తిప్పి కనిపెడతాడు. ఎంత చీకటయినా, వాన అయినా, దిక్కూ దూరమూ తెలిస్తే తను ఎక్కడున్నాడో తెలిసినట్టే.

మా రేవు పడవలు అంత దూరం వెళ్ళవు. పొద్దున రేవులో తమ పెట్టెలను మా టిక్కుకు సరిచేసుకుని వెళ్ళి, సాయంత్రం వచ్చేస్తాయి.

అల మామూలు. టిక్కు మామూలు.

4. పాస్కా ఆదివారం

జాగరణ పూజ బాగా జరిగింది. మహిమ గీతం మొదటి మాటకే గంట మోగింది. సిస్టర్ అగాత ఈ గదిలోంచి గుడిలోకి వచ్చేటప్పుడు ఆమె ముఖం చూడాలి. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, పరుగెత్తుకొచ్చినట్టు వచ్చారు.

అల మామూలు. టిక్కు మామూలు.

మధ్యాహ్నం కబురు ఇది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"లంగరు కదల్లేదు. తాడు సూసుకున్నాను. ఐనా కొండకి రెండొందల పదకొండు. రేత్రికి రేత్రి మూడు కిలోమీటర్లు దగ్గిరైపోనాను. మీ కొండ నన్ను లాగతన్నాది. కొండేనా?"

ఈ పుస్తకంలో అల గురించీ టిక్కు గురించీ తప్ప రాయకూడదు. అయినా రాస్తున్నాను, ఈ కబురును నాలుగుసార్లు చదివాను. భోజనానికి వెళ్ళినప్పుడు పండగ పాయసం ఎలా ఉందని అడిగారు. తిన్నానో లేదో గుర్తులేదు.

జవాబు పంపడానికి చాలాసేపు పట్టింది. కొండ కాదు అని రాసి కొట్టేశాను. లంగరు మళ్ళీ చూసుకోండి అని రాసి, అది మరీ పంతులమ్మ మాటలా ఉందని కొట్టేశాను. చివరికి మీట మీద వేలు పెట్టి రెండే మాటలు పంపాను. తొందరగా రండి.

5. పాస్కా తర్వాతి గురువారం

గాలి తిరిగింది. మూడు రోజులుగా అతని దూరం తగ్గుతోంది. ఈరోజు కబురు: "రేపు తెల్లారీసరికి. బెల్లంలో సీమలు గెలిసినాయి."

పలకలు తుడిచాను. జుట్టుకు నూనె పెట్టుకున్నాను. అల మామూలు. టిక్కు మామూలు.

6. శుక్రవారం

తెల్లవారుతూనే ఈశాన్యం నుంచి గాలివాన వచ్చింది. గోపురం మీంచి చూస్తే కొండ కింద రేవు కూడా కనిపించలేదు. గోపురం దీపం ఎవరికీ కనబడి ఉండదు. టిక్కు ఒక్కటే వెళ్తూ ఉంది.

మధ్యాహ్నం వాన వెలిసింది. గంట మోగింది. కబురు లేదు.

7. శనివారం

పలకలు తుడిచాను. అల మామూలు. టిక్కు మామూలు. కబురు లేదు.

కొర్లమ్మ వచ్చి గది బయట అరుగు మీద కూర్చుంది. రేడియో వైపు చూస్తూ కూర్చుని, పొద్దు వాలాక వెళ్ళిపోయింది. మంచినీళ్ళిస్తే తాగలేదు.

8. ఆదివారం

పోలయ్యను పీతల వలలవాళ్ళు తెచ్చారు. ఖాళీ డ్రమ్మును పట్టుకుని తేలుతున్నాడు. డ్రమ్ముకు ఒక పక్క ఎల్లాజీ పెట్టె కట్టి ఉంది. ఇంకో పక్క పోలయ్య చెయ్యి కట్టి ఉంది. రెండు ముళ్ళూ ఎల్లాజీవే.

మఠం వైద్యశాలలో పడుకోబెట్టారు. నేను వెళ్ళాను. పోలయ్య పెదాలు ఉప్పుకు పగిలిపోయాయి. జరిగింది చెప్పాడు. మునిగిన ఊరి పాత రేవు గోడ నీళ్ళ కింద ఎంత దూరం ఉందో ఇక్కడ అందరికీ తెలుసు. నడిసముద్రం నుంచి వచ్చే పడవ ఆ గోడకు అవతలే ఉండి, కొండ పదకొండు కిలోమీటర్లకు వచ్చాకే తిరగాలి. అక్కడ గోడకు గండి ఉంది. వానలో ఏమీ కనబడలేదు. ఎల్లాజీ పెట్టె ముందు కూర్చుని దూరం చదువుతున్నాడు. పదమూడన్నాడు. పన్నెండన్నాడు. పదకొండనగానే తిప్పమన్నాడు.

"నాను తిప్పినాను," అన్నాడు పోలయ్య. "గండి లేదు తల్లీ. గోడే ఉన్నాది. పెట్టి అబద్దం ఆడదు కదా. మరి నా సెయ్యే ఏటో సేసుంటాది."

ఎల్లాజీ ఎక్కడ అని అడగలేదు. అతను కూడా చెప్పలేదు.

9. సోమవారం

సిస్టర్ అగాత చెప్పినందుకు అతని పెట్టెను గదిలోకి తెచ్చి తెరకు తగిలించాను. ఇంకా నడుస్తోంది. తెర మీద రెండు గీతలు వచ్చాయి. ఒకదాని మీద ఒకటి లేవు. మా గీత ముందు ఉంది, సరిగ్గా ఒక అలంత.

గోడకు కొట్టుకున్నప్పుడు పెట్టె ఒక లెక్క తప్పి ఉంటుందనుకున్నాను. అలా అనుకోవాలని ఉంది. సిస్టర్ కూడా అదే అన్నారు. పాపం, దెబ్బ తిన్న పెట్టె కదా అన్నారు.

పలకలు తుడవడానికి మేడ మీదికి వెళ్ళాను. సగం తుడిచాక చేతిలో గుడ్డ ఆగిపోయింది.

పండగనాటి కబురు కోసం వెతకనక్కర్లేదు. అది నాకు కంఠతా వచ్చు. లంగరు కదల్లేదు. తాడు సూసుకున్నాను. రేత్రికి రేత్రి మూడు కిలోమీటర్లు దగ్గిరైపోనాను.

మూడు కిలోమీటర్లంటే ఒక అల.

లంగరు వేసిన పడవ దగ్గరికి రాదు. కొండ ఎవరినీ లాగదు. ఆ రాత్రి మా టిక్కు ఒక అల ముందుకు జరిగింది. అతను గోడకు తగలడానికి అయిదు రోజుల ముందే, కదలని పడవలో కూర్చుని ఆ సంగతి నాకు చెప్పాడు. చివర ఒక ప్రశ్న కూడా అడిగాడు. నేను ఆ ప్రశ్న ఒక్కటే చదివాను.

అతను పదకొండు అని చదివినప్పుడు పడవ పద్నాలుగు దగ్గర ఉంది.

10. మంగళవారం

ఆ రాత్రి ఈ గదిలో జరిగింది ఒక్కటే, గంట తీగ తగిలించడం.

ఈ మాట సిస్టర్ అగాతతో ఎలా చెప్పాలో తెలియక పొద్దుటి పూజంతా తల వంచుకుని కూర్చున్నాను. చివరికి చెప్పలేదు. ఎల్లాజీ పెట్టెను తెర మీద అలాగే ఉంచి, తీగ ఒకసారి తీసి పెట్టి చూద్దామా అని మాత్రం అడిగాను. ఆమె నా ముఖం చూశారు. నాకు లెక్కలు నేర్పింది ఆమే. నేను అడిగింది ఏమిటో ఆమెకు అర్థమయింది.

నేనే చేస్తాను అని తీగ నా చేతిలోంచి తీసుకున్నారు.

మొదటిసారి తగిలించారు. గీతలు కదల్లేదు. రెండోసారీ కదల్లేదు. నాకు ఊపిరి వచ్చింది. అప్పుడామె కళ్ళు మూసుకుని, పెదాలతో మహిమ గీతం మొదటి మాట అనుకుంటూ, పండగనాడు ఎలా తోస్తారో అలా ఒక్క తోపు తోశారు. గోపురం మీద గంట మోగింది. తెర మీద మా గీత ఇంకో అల ముందుకు దూకింది.

గంట కాయిల్ పెద్దది. తీగ తగిలిన క్షణంలో కరెంటు అటు గుంజుకుంటుంది. జపమాల గడప ఒక్కసారి ఊగుతుంది. సరిగ్గా అప్పుడే ఒక అల గడప దాటబోతూ ఉంటే, గడప కిందికి జారినప్పుడు ఒకసారి, తిరిగి పైకి లేచాక ఇంకోసారి, ఆ ఒక్క అలనే జపమాల రెండుసార్లు లెక్కపెడుతుంది. లక్షలో ఒకటి. ఏటా పండగకు ఇలా జరుగుతూనే ఉండి ఉంటుంది. కాలం పడవ ఏటా పండగ తర్వాతే బయల్దేరేది. తప్పిన లెక్కతోనే దాని పెట్టెను సరిచేసేవాళ్ళం. రెండు కొండలూ కలిసే తప్పేవి. అందుకని తప్పు తప్పులా కనబడేది కాదు. ఈ ఒక్క ఏడు పడవ ముందు బయల్దేరింది, ఆకలిగా ఉన్నవాళ్ళ కోసం.

సిస్టర్ స్టూలు మీద కూర్చున్నారు. తీగ ఇంకా చేతిలోనే ఉంది.

"దేవునికి మహిమ అంటూనే తోశాను, ఫిలో," అన్నారు.

ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. నా దగ్గర ఉన్న కబురు సంగతి నేనూ చెప్పాను. ఆమె చెయ్యి నా తల మీద పెట్టారు. చాలాసేపు ఇద్దరం టిక్కు వింటూ ఉన్నాం. అది ఎంత బాగా, ఎంత సమంగా పడుతూ ఉందో.

11. బుధవారం

వంటింటి సిస్టర్ చెప్పింది. పోలయ్య సారా తాగి చుక్కాని తప్పు తిప్పాడని రేవులో అంటున్నారట. కొర్లమ్మ తమ్ముణ్ణి గడప తొక్కనివ్వలేదట. వైద్యశాల నుంచి వెళ్ళినవాడు నిన్నటి నుంచి బోర్లించిన పడవ పక్కన ఇసుకలో కూర్చుని ఉన్నాడట.

నేను నలుగురిలో మాట్లాడలేను. బడిలో బైబిలు పఠనం చదవమంటే జ్వరం వచ్చేది. అయినా కొండ దిగాను. సిస్టర్ అగాత కర్ర పట్టుకుని వెనకే వస్తుంటే వద్దన్నాను. వినలేదు. ఆమె కొండ దిగి ఎన్నేళ్ళయిందో.

రేవులో ఆడవాళ్ళు వలలు విప్పుతున్నారు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. కొర్లమ్మ లేవలేదు. దారిలో అనుకున్నవన్నీ మరిచిపోయాను. మిగిలినవి చెప్పాను.

"పోలయ్య తప్పు తిప్పలేదు. ఎల్లాజీ తప్పు చదవలేదు. మా టిక్కు ఒక అల ముందు పడింది. తప్పు కొండ మీద జరిగింది."

తగిలించింది తనేనని సిస్టర్ అన్నారు. మరుక్షణం ఎవరో వెనక నుంచి మఠాన్ని ఒక మాట అన్నారు. ఇంకెవరో ఊరుకోమన్నారు. కొర్లమ్మ వల కిందపెట్టింది.

"ఒక అలంటే ఎంతమ్మీ?"

"మూడు కిలోమీటర్లు."

ఆమె సముద్రం వైపు చూసింది. "మూడేనా," అంది. "అంత దూరం ఆడు సిన్నప్పుడే ఈదీసినాడు."

కాసేపటికి ఆమె లేచి, బోర్లించిన పడవ దగ్గరికి నడిచింది. పోలయ్య తల ఎత్తలేదు. ఆమె అతని జబ్బ పట్టుకుని పైకి లాగింది.

"నెగు," అంది. "గంజి తాగుదువు గాని, నెగు."

వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, ఆ పెట్టి ఇంకా కొట్టుకుంటున్నాదా అని నన్ను అడిగింది. కొట్టుకుంటోందని చెప్పాను. రేపు వస్తానంది.

12. గురువారం

పెట్టె బ్యాటరీ ఉప్పునీళ్ళు తాగింది. ఈ పూటో రేపో ఆగిపోతుంది. మూత ఉప్పుకు బిగుసుకుపోయింది. తెరవాలంటే కొట్టాలి, కొడితే లెక్క తప్పవచ్చు. దక్షిణపు కొండ ఇప్పుడు పండగకు ముందటి మొదలుతో నడుస్తోంది. ఆ మొదలు ఈ తీరాన ఎల్లాజీ పెట్టెలో మాత్రమే ఉంది. అది ఆగేలోపు మా జపమాలను ఆపి, అతని టిక్కుతో మళ్ళీ మొదలుపెట్టాలి. లేకపోతే ఆ కొండ దగ్గర పెట్టె సరిచేసుకుని ఇటు వచ్చే పడవలన్నీ ఆ గోడకే తగులుతాయి.

పడవలు ఒడ్డుకు రావాలని గోపురం మీద తెల్లగుడ్డ ఎగరేశాం. అన్నీ వచ్చేదాకా ఆగాం.

కొర్లమ్మ తలస్నానం చేసి వచ్చింది. గది లోపలికి ఆమె రావడం ఇదే మొదటిసారి. పెట్టె పక్కన స్టూలు వేశాను. కూర్చుని పెట్టె మీద అరచెయ్యి ఆనించింది, పసిబిడ్డ పొట్ట మీద ఆనించినట్టు.

గంట తీగ ఊడదీసి ఉంది. ఇక టిక్కుకు తగిలించం. వేళ చూసుకుని తాడు లాగి కొడతానని సిస్టర్ అగాత అన్నారు.

జపమాలను ఆపాను. ఆపినప్పుడే గడపను బాగుచేశాను. ఒక గడప ఉన్నచోట రెండు పెట్టాను. అల పైగడప దాటితే ఒకటి అని లెక్క. మళ్ళీ కింది గడప దాకా దిగి వస్తే తప్ప, మధ్యలో ఏది ఎంత ఊగినా లెక్క లేదు. దానికి కావలసింది ఒక్క రెసిస్టర్. బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది. సొరుగులో గుప్పెడు ఉన్నాయి. అతుకు పెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఆగిపోనాదా?" అని కొర్లమ్మ అడిగింది. గదిలో అంత నిశ్శబ్దం నేనూ ఎన్నడూ వినలేదు.

"ఆగింది. ఇప్పుడు ఆయన టిక్కు పడగానే మాది సున్నా నుంచి మొదలవుతుంది."

మీట మీద వేలు పెట్టాను. పండగనాడు కబురు పంపిన వేలే.

"ఆడు నీకేటైనా సెప్పినాడా?" అంది ఆమె, పెట్టె మీంచి చెయ్యి తీయకుండా.

"కొండ లాగుతోందన్నారు. కొండేనా అని అడిగారు."

"నువ్వేటన్నావు?"

"తొందరగా రండి అన్నాను."

ఆమె బొటనవేలితో పెట్టె మీది ఉప్పు తుడిచింది. తర్వాత పెట్టెను చూస్తూ, "ఒచ్చినాడు కదా," అంది.

మీట నొక్కాను. అతని టిక్కు పడింది. అయిదు చిప్పులూ ఒకేసారి సున్నాకు వెళ్ళి, అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టాయి. లక్ష అలలు. టిక్కు. తెర మీద రెండు గీతలూ కలిసిపోయాయి. సిస్టర్ పరలోక జపం అందుకున్నారు. కొర్లమ్మ చేతులు కట్టుకుని చివరిదాకా నిలబడింది.

తెల్లగుడ్డ దించాం. పడవలు వెళ్ళాయి.

కొర్లమ్మ వెళ్ళాక, గింజలు ఎండబెట్టి తిరిగి వచ్చేసరికి పెట్టె చల్లబడి ఉంది. బ్యాటరీ అయిపోయింది. తెర మీద గీత మాత్రం ఉన్నచోటే ఉంది. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి ఉన్నప్పుడు ఒకటి పోతే, పోయింది ఏదో చూసి చెప్పలేం.

అల మామూలు. టిక్కు మామూలు.